ట్యాంకులో ఎంతుంది?

ఈ కంపెనీ దేన్నీ కనిపెట్టకుండానే మొదలైంది. 1953 ఫిబ్రవరి 1న, స్విట్జర్లాండ్ సరిహద్దును ఆనుకుని ఉన్న లోరాఖ్ అనే జర్మన్ పట్టణంలో ఇద్దరు కలిసి ఓ చిన్న వ్యాపారం పెట్టారు. ఒకాయన గేయార్గ్ ఎండ్రెస్, 29 ఏళ్ల స్విస్ ఇంజనీరు. రెండో ఆయన లుడ్‌విగ్ హౌజర్, 58 ఏళ్ల బ్యాంకు మేనేజరు. తండ్రీకొడుకులంత వయసు తేడా ఉన్న ఈ భాగస్వాములు ఇంగ్లండులో తయారైన ఓ ఎలక్ట్రానిక్ పరికరాన్ని తెచ్చి జర్మనీలో అమ్ముదామనుకున్నారు. ఆఫీసంటే ఓ ఇంట్లో గది. బోర్డు మీద పేరు హౌజర్‌ది ఒక్కటే. మూసిన ట్యాంకులో సరుకు ఏ మట్టం దాకా ఉందో మూత తీయకుండా చెప్పడం ఆ పరికరం పని.

ఇవాళ ఆ కంపెనీ పేరు ఎండ్రెస్ ప్లస్ హౌజర్. 2023లో దాని అమ్మకాలు 350 కోట్ల యూరోలు దాటాయి. పనిచేసేవాళ్లు 16 వేలకు పైనే. అయినా ఫ్యాక్టరీ గేటు బయట ఆ పేరు విన్నవాళ్లు తక్కువ. వాళ్ల సరుకు దుకాణాల్లో దొరకదు, టీవీ ప్రకటనల్లో కనబడదు. మనం తాగే ప్యాకెట్ పాలు, మింగే మాత్ర, బండిలో పోయించే పెట్రోలు మన దాకా వచ్చే దారిలో ఎక్కడో ఓ చోట ఇలాంటి కంపెనీవాళ్లు బిగించిన మీటరు ఉండే ఉంటుంది.

గదిలో మొదలై ఇంత ఎలా పెరిగింది? వ్యాపార పుస్తకాలవాళ్లు నాయకత్వం అంటారు, దూరదృష్టి అంటారు. అవి లేవని కాదు. కానీ ఈ కథలో నాకు కనిపించే అసలు కారణం భౌతికశాస్త్రంలో ఉంది. ట్యాంకులోకి తొంగిచూడడానికి మనిషి కనిపెట్టిన ఏ పద్ధతీ అన్ని ట్యాంకుల్లోనూ పనిచేయదు. ఒకటి బోల్తాపడిన చోట ఇంకొకటి కావాలి. బోల్తాపడిన ప్రతిసారీ కస్టమర్‌ని వదులుకోకూడదనుకున్న కంపెనీ, ఒక్కో సూత్రమే నేర్చుకుంటూ పోయి చివరికి భౌతికశాస్త్రం సిలబస్ సగం దాకా సరుకుగా మార్చుకుంది.

ఎంతుందో తెలుసుకోవడం అంత కష్టమా అనిపించవచ్చు. మేడ మీది నీళ్ల ట్యాంకయితే మూత తీసి చూస్తాం. పెట్రోలు బంకులో భూమిలోపలి ట్యాంకులోకి గీతలున్న డిప్ రాడ్ దించి, ఎక్కడి దాకా తడిసిందో చూసి, చార్టులో లీటర్లు చదువుకుంటారు. అదే ట్యాంకులో పొగలు కక్కే ఆసిడ్ ఉంటే? 150 డిగ్రీల వేడిలో, పది వాతావరణాల ఒత్తిడిలో ఉన్న ద్రావకం ఉంటే? మూత తీయడమన్న మాటే లేదు. పక్కన గాజుగొట్టం పెట్టి చూసే సైట్ గ్లాస్ కొన్నాళ్లకే మరకలు పట్టి మసకబారుతుంది. తేలే బంతి పెడితే ఏదో ఒకరోజు ఇరుక్కుపోతుంది. ఇరుక్కున్న బంతికీ కదలని మట్టానికీ తేడా కంట్రోల్ రూమ్‌లో కూర్చున్నవాడికి తెలియదు.

లోరాఖ్‌లో దుకాణం పెట్టడం కలిసొచ్చింది. అక్కణ్నుంచి కాస్త దూరంలోనే, సరిహద్దుకు అవతల రైన్ ఒడ్డున బాజెల్ నగరం ఉంది. సీబా, గైగీ, సాండోజ్, హాఫ్‌మన్-లా రోష్, అంతా అక్కడివాళ్లే. రంగులు, మందులు, రసాయనాలు. యుద్ధంలో దెబ్బతిన్న జర్మన్ పరిశ్రమ కూడా అప్పుడే మళ్లీ లేచి నిలబడుతోంది. ట్యాంకులకు కొదవ లేదు. ఆ ట్యాంకుల పక్కన నిచ్చెనెక్కి కొలకర్ర దించే మనుషులకే కొరత.

ఇంగ్లండు నుంచి తెచ్చిన పరికరం కెపాసిటెన్స్ సూత్రం మీద నడిచేది. స్కూల్లో చదివిన కెపాసిటర్ గుర్తు తెచ్చుకోండి: ఎదురెదురుగా రెండు లోహపు పలకలు, మధ్యలో గాలో ఇంకేదో. మధ్యలో ఉన్న పదార్థాన్ని బట్టి ఆ పలకలు నిలవుంచుకునే విద్యుదావేశం మారుతుంది. గాలికి ఆ గుణకం 1. నూనెలకు సుమారు 2. నీటికి దాదాపు 80. ఇప్పుడు ట్యాంకు గోడే ఒక పలక అనుకుని, నిట్టనిలువుగా లోపలికి దింపిన ఓ కడ్డీని రెండో పలక అనుకోండి. ద్రవం పైకి వస్తున్నకొద్దీ గాలి తప్పుకుని ద్రవం ఆ జాగాలోకి వస్తుంది, కెపాసిటెన్స్ పెరుగుతుంది. కదిలే భాగం ఒక్కటీ లేదు. ఇరుక్కుపోవడానికి బంతి లేదు. 1953లో అది చూసిన ప్లాంటు ఇంజనీర్ల మొహాలు ఎలా వెలిగి ఉంటాయో ఊహించుకోవచ్చు.

ఆ వెలుగు ఎంతసేపుంటుందన్నది ట్యాంకులో ఏముందన్నదాన్ని బట్టి ఉంటుంది. చక్కెర ఫ్యాక్టరీ మొలాసిస్ ట్యాంకు తీసుకోండి. మట్టం దిగిపోయినా కడ్డీకి మొలాసిస్ పూతలా అంటుకునే ఉంటుంది. ఆ పూతను కూడా కడ్డీ ద్రవంగానే లెక్కేస్తుంది. ట్యాంకు సగమే ఉన్నా ముప్పావు ఉందంటుంది. ఒకే ట్యాంకులో ఇవాళ ఒక ద్రావకం, రేపు ఇంకొకటి పోసే మందుల ఫ్యాక్టరీలోనూ తంటానే. గుణకం మారినప్పుడల్లా మళ్లీ సెట్ చేసుకోవాలి. దిగుమతి చేసుకున్న సరుకు అమ్మేవాడు చేతులెత్తేసే చోటు ఇదే. తప్పు నాది కాదు, ఇంగ్లండువాడిది అనొచ్చు. ఎండ్రెస్ అలా అనకుండా కొద్ది ఏళ్లలోనే సొంత తయారీ మొదలుపెట్టాడు. పక్కనే ఉన్న మౌల్‌బుర్గ్‌లో ఫ్యాక్టరీ వచ్చింది. ఇప్పటికీ ఆ కంపెనీ లెవల్, ప్రెషర్ పరికరాల పుట్టిల్లు అదే.

అంటుకునే సరుకుకు దొరికిన జవాబుల్లో నాకు బాగా నచ్చేది రెండు పళ్ల ఫోర్క్. సంగీతం మాస్టార్లు శ్రుతి కోసం వాడే ట్యూనింగ్ ఫోర్క్‌లాంటిదే, పొట్టిగా, స్టీలుతో. ట్యాంకు గోడకు ఓ రంధ్రం చేసి అడ్డంగా బిగిస్తారు. దాని మొదట్లో ఉన్న పీజో స్ఫటికాలు కరెంటు ఇస్తే వణుకుతాయి, వాటితోపాటు పళ్లూ సెకనుకు సుమారు వెయ్యిసార్లు కంపిస్తాయి. ద్రవం వచ్చి పళ్లను ముంచిందా, కంపనం నెమ్మదిస్తుంది. జలతరంగం వాయించేవాళ్లు గిన్నెలో నీళ్లు కలిపి స్థాయి దించుకుంటారు చూడండి, అదే లెక్క: కంపించే వస్తువు తనతోపాటు నీటిని కూడా కదిలించాల్సి వస్తే బరువెక్కి మందగిస్తుంది. ఫ్రీక్వెన్సీ పడిపోగానే లోపలి సర్క్యూట్ స్విచ్ వేస్తుంది: ద్రవం ఇక్కడి దాకా వచ్చింది, పంపు ఆపండి. ద్రవం ఏదన్న పట్టింపు దానికి లేదు. నీళ్లయినా, టోలుయీన్ అయినా, పాలయినా సరే. సెట్ చేసే పనే లేదు. ఇంకో గుణం, ఫోర్క్ తుప్పుపట్టి పళ్లు పలచబడితే అది గాలిలో కంపించే వేగం పెరుగుతుంది. అంటే తన ఆరోగ్యం తానే చెప్పుకోగలదు. కంపెనీ దీన్ని లిక్విఫాంట్ అన్న పేరుతో అమ్ముతుంది.

ఫోర్క్‌కూ ఓ హద్దుంది. అది ఒక్క మట్టం దగ్గరే చెబుతుంది, అవును లేదా కాదు. ట్యాంకు పొడవునా ఎంతుందో చెప్పాలంటే పైనుంచి చూడాలి. ధ్వనితో చూడొచ్చు. పైకప్పు నుంచి అల్ట్రాసౌండ్ వదిలితే ద్రవం మీద పడి తిరిగొస్తుంది, పట్టిన కాలాన్ని బట్టి దూరం. 20 డిగ్రీల గాలిలో ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు. 40 డిగ్రీల దగ్గర సుమారు 355. ఐదు మీటర్ల ఖాళీ ఉన్న ట్యాంకులో ఈ తేడా లెక్కలోకి తీసుకోకపోతే పదిహేడు సెంటీమీటర్లు తప్పు చూపిస్తుంది. అందుకే సెన్సర్‌లోనే థర్మామీటర్ పెడతారు. కానీ ఎండలో నిలబడ్డ ట్యాంకులో పైన ఒక వేడి, కింద ఒక వేడి. ద్రావకపు ఆవిరి కలిస్తే గాలి గాలిలా ఉండదు. శూన్యంలో ధ్వని కదలనే కదలదు. మురుగునీటి కాలువల మీదా, పంపుహౌస్ సంపుల మీదా అల్ట్రాసౌండ్ హాయిగా పనిచేస్తుంది. రియాక్టర్ దగ్గరికొచ్చేసరికి తడబడుతుంది.

ఇక మిగిలింది రేడియో తరంగం. దానికి గాలి ఏదైనా, అసలు లేకపోయినా ఒకటే. చిక్కు దాని వేగంలోనే ఉంది. సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు. మట్టంలో ఒక మిల్లీమీటరు తేడా పట్టుకోవాలంటే, పోను రాను రెండు మిల్లీమీటర్ల ప్రయాణంలో తేడా పట్టాలి. ఆ దూరానికి రేడియో తరంగానికి పట్టే కాలం ఏడు పికోసెకన్ల కంటే తక్కువ. పికోసెకనంటే సెకనులో లక్ష కోట్లవ వంతు. అంత చిన్న కాలాన్ని తిన్నగా కొలిచే గడియారం ట్యాంకు మీద పెట్టలేం కాబట్టి చుట్టుదారిన పోతారు. ఒక పద్ధతిలో, వదిలే తరంగం ఫ్రీక్వెన్సీని క్రమంగా పెంచుకుంటూ పోతారు. తిరిగొచ్చిన తరంగం కాస్త పాతది కాబట్టి దాని ఫ్రీక్వెన్సీ కాస్త తక్కువగా ఉంటుంది. రెండింటినీ కలిపి చూస్తే వచ్చే తేడాయే దూరం. ఆ తేడా తాపీగా కొలవగలిగినంత చిన్న ఫ్రీక్వెన్సీ. తొలి రోజుల్లో 6 గిగాహెర్ట్జ్ దగ్గర నడిచిన ఈ రాడార్లు తర్వాత 26కి, ఇప్పుడు 80కి చేరాయి. ఫ్రీక్వెన్సీ పెరిగినకొద్దీ కిరణం సన్నబడుతుంది. సన్నని కిరణం లోపలి కలియబెట్టే రెక్కల్నీ, పైపుల్నీ తప్పించుకుని తిన్నగా ద్రవం మీదికే దిగుతుంది.

రాడార్‌కు విమానాశ్రయంలో కావలసినంత కరెంటు దొరుకుతుంది. ట్యాంకు మీద అలా కుదరదు. ఈ సంగతి అర్థం కావాలంటే ప్లాంటులో టెక్నీషియన్లు రోజంతా అనే మాటొకటి తెలియాలి: ఫోర్ టు ట్వంటీ.

ప్రతి సెన్సర్ నుంచీ కంట్రోల్ రూమ్ దాకా రెండు తీగలు. వాటిలో కరెంటు 4 మిల్లీయాంప్‌లుంటే ట్యాంకు ఖాళీ, 20 ఉంటే నిండింది. లూప్‌లో మల్టీమీటరు పెట్టి చూస్తే 12 ఉందా, సరిగ్గా సగం. ఖాళీకి సున్నా పెట్టుకోక ఈ నాలుగేమిటి? తీగ తెగినా సున్నాయే వస్తుంది కాబట్టి. ఖాళీ ట్యాంకూ తెగిన తీగా ఒకేలా కనిపించకూడదు. 3.6 కి దిగిందంటే సెన్సర్ తనకు ఒంట్లో బాగాలేదని చెప్పుకుంటోందని అర్థం. పారిశ్రామిక కొలతల్లో ఇంత చవగ్గా ఇంత పెద్ద అపాయాన్ని తప్పించిన ఉపాయం మరొకటి నాకు తెలియదు. అయితే సెన్సర్ బతకడానికి కావలసిన కరెంటు కూడా ఆ తీగల్లోంచే రావాలి. ఖాళీ ట్యాంకు దగ్గర దానికి దక్కేది ఆ నాలుగు మిల్లీయాంప్‌లే, అంటే వాటులో పదోవంతు కూడా కాదు. మండే ఆవిర్లున్న చోట నిప్పురవ్వ పుట్టకుండా ఉండడానికి కూడా అంతకు మించి ఇవ్వరు. అంత పిడికెడు కరెంటుతో రాడార్ నడపడం 1990ల్లో ఈ రంగంలో అందరూ తలలు పట్టుకున్న లెక్క. దాన్ని ముందుగా విప్పింది ఎండ్రెస్ వాళ్లు కాదు, బ్లాక్ ఫారెస్ట్ కొండల్లో షిల్టాఖ్ అనే ఊళ్లో ఉన్న పోటీ కంపెనీ వేగా.

నైరుతి జర్మనీలోని ఆ మూలలోనే ఇన్ని సెన్సర్ కంపెనీలు పుట్టడం చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. షిల్టాఖ్‌లో వేగా, వాల్డ్‌కిర్ఖ్‌లో సిక్, మౌల్‌బుర్గ్‌లో ఎండ్రెస్. కాస్త ఉత్తరాన మాన్‌హైమ్‌లో పెపెర్ల్ ప్లస్ ఫుక్స్. ఇది రేడియో రిపేరు దుకాణంగా మొదలై, పక్కనున్న బీఏఎస్ఎఫ్ కర్మాగారం కోసం 1958లో లోహాన్ని తాకకుండా గుర్తుపట్టే స్విచ్ చేసిన కంపెనీ. బ్లాక్ ఫారెస్ట్ కొండల్లో తరతరాలుగా గోడ గడియారాలు చేసిన చేతులున్నాయి. సన్నపని తెలిసిన కార్మికుడు ఊళ్లోనే దొరుకుతాడు. అన్నిటికీ మించి పోటీదారు బస్సులో పోయి చూసొచ్చేంత దగ్గర్లో ఉంటాడు.

పాత సూత్రం పక్కకు పోయి కొత్తది రావడమే జరిగిందనుకుంటే పొరపాటు. ముడిచమురు ట్యాంకులో కింద నీళ్లు, పైన నూనె, రెంటికీ మధ్య ఇటూ కాని అటూ కాని జిడ్డు పొర ఒకటి ఉంటుంది. రాడార్ నూనె పైమట్టాన్ని చక్కగా చూస్తుంది. కిందికొచ్చేసరికి ఆ జిడ్డులో ప్రతిధ్వని చెదిరిపోతుంది. కెపాసిటెన్స్ కడ్డీకి మాత్రం నీటికీ నూనెకూ ఉన్న 80, 2 తేడా జిడ్డులోనూ తెలుస్తుంది. అందుకని రెంటినీ ఒకే కడ్డీలో పెట్టారు. పైమట్టం రాడార్ చెబుతుంది, నడిమట్టం కెపాసిటెన్స్ చెబుతుంది.

ట్యాంకు తర్వాత పైపు. లెవల్ మీటరు కొన్న ఇంజనీరు ఎప్పుడో ఒకప్పుడు ఫ్లో మీటరు కూడా అడుగుతాడు. 1975లో హౌజర్ చనిపోయాక కంపెనీ మొత్తం ఎండ్రెస్ కుటుంబానిదైంది. 1977లో ఫ్లోటెక్ అనే అనుబంధ కంపెనీతో బాజెల్ శివార్లలోని రైనాఖ్‌లో ప్రవాహాల పని మొదలైంది. ఇక్కడి సూత్రం మైకేల్ ఫారడేది. 1832 జనవరిలో ఆయన లండన్ వాటర్‌లూ వంతెన మీంచి థేమ్స్ నదిలోకి రాగి పలకలు దించాడు. భూమి అయస్కాంత క్షేత్రంలో పారే ఉప్పునీటిలో వోల్టేజి పుడుతుందని ఆయన అంచనా. అంచనా సరైనదే, కొలవడానికి ఆనాటి సాధనాలు చాలలేదు. పైపుకు సొంత అయస్కాంతం తగిలిస్తే పని సులువవుతుంది. పది సెంటీమీటర్ల పైపులో నీళ్లు సెకనుకు రెండు మీటర్లు పారుతుంటే, పది మిల్లీటెస్లాల క్షేత్రంలో రెండు మిల్లీవోల్టులు వస్తాయి. వేగం రెట్టింపయితే వోల్టేజీ రెట్టింపు. పైపు లోపల అడ్డేమీ ఉండదు కాబట్టి బురదనీళ్లూ, కాగితపు గుజ్జూ, టమాటా రసమూ దర్జాగా పోతాయి. కానీ కరెంటు ప్రవహించని ద్రవం దగ్గర ఈ మీటరు మూగబోతుంది. పెట్రోలు, నూనెలు, చాలా ద్రావకాలు ఆ బాపతే. వాటికోసం 1980ల్లో కొరియాలిస్ మీటర్లు వచ్చాయి. కంపించే గొట్టంలోంచి ద్రవం పోతుంటే, లోపలికి వచ్చేచోటి ఊపుకూ బయటికి పోయేచోటి ఊపుకూ కొద్దిపాటి కాలభేదం వస్తుంది. సెకనుకు ఎన్ని కిలోలు పోతున్నాయో ఆ భేదమే చెబుతుంది. లీటర్లు కాదు, కిలోలు. వేసవిలో పెట్రోలు ఉబ్బినా కిలో మారదు కాబట్టి కొనేవాడికీ అమ్మేవాడికీ తగువుండదు.

ఫ్లో మీటరు అమ్మడంలో అసలు ఖర్చు మీటరు తయారీలో కాదు, అది చెప్పేది నిజమని రుజువు చేయడంలో ఉంది. మీటర్లోంచి నీళ్లు పోనిచ్చి, ఆ నీళ్లను తూచి, రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టాలి. దీనికి టవర్లు, పంపులు, తూకపు ట్యాంకులు ఉన్న పెద్ద షెడ్డే కావాలి. చిన్న కంపెనీలు ఆగిపోయే గడప ఇది. ఎండ్రెస్ వాళ్లు ఇలాంటి షెడ్లను స్విట్జర్లాండ్‌లో, ఫ్రాన్స్‌లో కట్టి ఆగలేదు. అమెరికాలోని గ్రీన్‌వుడ్‌లో, చైనాలోని సూజౌలో, మన దేశంలో ఔరంగాబాద్‌లో కూడా కట్టారు. ఇప్పుడు ఛత్రపతి సంభాజీనగర్ అంటున్న ఆ ఊరి వాళూజ్ పారిశ్రామికవాడలోంచే మన ప్లాంట్లకు వచ్చే మీటర్లు చాలావరకు బయల్దేరుతాయి.

*

ఇంతవరకు చెప్పింది సగం కథ. మంచి పరికరం ఉంటే మాత్రం చాలదు. దాన్ని కొనాల్సిన అవసరం కూడా ఉండాలి. ఆ అవసరాన్ని చాలాసార్లు ప్రమాదాలే తెచ్చిపెట్టాయి. మాట కటువుగా ఉన్నా ఈ పరిశ్రమ పెరిగిన దారి అదే.

2005 డిసెంబరు 11, ఆదివారం. ఇంగ్లండులోని బన్స్‌ఫీల్డ్ చమురు డిపోలో 912 నంబరు ట్యాంకులోకి పెట్రోలు నిండుతోంది. తెల్లవారుజామున మూడింటికి లెవల్ గేజ్ సూది కదలడం మానేసింది. పెట్రోలు మాత్రం వస్తూనే ఉంది. కంట్రోల్ రూమ్‌లో తెర మీద మట్టం నిలకడగా ఉంది, అలారం మోగలేదు. ఇలాంటప్పుడు కాపాడడానికే ట్యాంకు నెత్తిన విడిగా ఓ స్విచ్ ఉంది. మట్టం దాన్ని తాకితే పంపు దానంతటదే ఆగిపోవాలి. ఆగలేదు. ఆ స్విచ్‌ను పరీక్షించడానికి ఓ చిన్న లివర్ ఉంటుంది. పరీక్ష అయ్యాక లివర్ సరైన చోట నిలవడానికి తాళంకప్ప వేయాలి. ఆ తాళంకప్ప దొంగల కోసమనుకున్నారో ఏమో, వేయలేదు. లివర్ జారిపోయి స్విచ్ నిద్రపోయింది. ట్యాంకు పొర్లి, పెట్రోలు ఆవిరి తెల్లటి మంచులా డిపో అంతా పరుచుకుంది. 6 గంటల 1 నిమిషానికి పేలింది. ఆదివారం పొద్దున్న కాబట్టి ప్రాణాలు పోలేదు, 43 మందికి గాయాలయ్యాయి. విచారణలో తేలిన ఇంకో సంగతి చూడండి: ఆ గేజ్ అంతకుముందు మూడు నెలల్లో 14 సార్లు ఇరుక్కుంది. ప్రతిసారీ తట్టి లేపారు, అంతే.

ఆ తర్వాత ఐరోపాలో ట్యాంకు నెత్తిన పెట్టే స్విచ్‌ను గేజ్‌తో సంబంధం లేకుండా విడిగా పెట్టాలని, ట్యాంకు నిండా పోయకుండానే దాన్ని పరీక్షించే వీలుండాలని పట్టుబట్టడం పెరిగింది. తన ఆరోగ్యం తానే చెప్పుకునే ఫోర్క్‌కు గిరాకీ ఎందుకు పెరిగిందో వేరే చెప్పక్కర్లేదు.

రెండో ఉదాహరణ మన విశాఖపట్నంలోనే ఉంది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఊళ్ల మీదికి పాకింది. 12 మంది చనిపోయారు. లాక్‌డౌన్‌లో కదలిక లేకుండా నిలవున్న ఎం6 ట్యాంకులో స్టైరీన్ తనంతట తానే పాలిమర్‌గా మారడం మొదలై, ఆ మార్పులో పుట్టిన వేడి మార్పును ఇంకా తొందరచేసింది. రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ బయటపెట్టినదాన్ని కొలతలవాళ్లెవరూ మరిచిపోకూడదు. ఆ ట్యాంకులో ఉష్ణోగ్రత చూసే సెన్సర్ అడుగున మాత్రమే ఉంది. నడుమ లేదు, పైన లేదు. చల్లబరిచే ఏర్పాటు పనిచేసేదీ అడుగుభాగం మీదే. పైన స్టైరీన్ ఉడికిపోతుంటే కింది సెన్సర్ చల్లగా ఉందనే చెబుతూ వచ్చింది. అది అబద్ధం చెప్పలేదు. అడిగినచోటి సంగతి అడిగినట్టు చెప్పింది. సెన్సర్ ఎంత ఖచ్చితమైనదన్న దాని మీద కరపత్రాల్లో పేజీలకు పేజీలు రాస్తారు. ఎక్కడ పెట్టాలన్న దాని మీద రాసేది తక్కువ. నా లెక్కన ప్లాంటులో తిరిగి, ట్యాంకు డ్రాయింగ్ చూసి, ఇక్కడొకటి చాలదు మూడు కావాలి అని చెప్పగల సేల్స్ ఇంజనీరు ఆ కరపత్రం కంటే విలువైనవాడు. మూడు అమ్ముకోవడానికే చెబుతున్నాడని అనుమానం వస్తే రానివ్వండి.

ప్రమాదం తర్వాత చట్టం. మన దగ్గర కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014లో, బాగా కాలుష్యం చేసే 17 రకాల పరిశ్రమలు తమ వ్యర్థాలను 24 గంటలూ ఆన్‌లైన్‌లో కొలిచి చూపించాలని ఆదేశించింది. పటాన్‌చెరు, బొల్లారం, పరవాడ మందుల ఫ్యాక్టరీల మురుగుగొట్టాల మీద పీహెచ్ ప్రోబులు, ఫ్లో మీటర్లు వెలిశాయి. ఇక్కడా పాత గొడవే. పీహెచ్ ప్రోబు కొసన ఉండే పలచని గాజు బుడ్డి ఇచ్చే సంకేతం అతి బలహీనమైంది. కనెక్టర్‌లో కాస్త చెమ్మ చేరితే చాలు, కొలత గల్లంతు. వానాకాలంలో ఈటీపీ (వ్యర్థజలాల శుద్ధి ప్లాంటు) దగ్గర టెక్నీషియన్‌కు ఇది రోజూ ఉండే తలనొప్పి. 2004లో ఎండ్రెస్ వాళ్లు తెచ్చిన మెమోసెన్స్‌లో లోహం లోహాన్ని తాకదు. ప్రోబు తలలోనే సంకేతం అంకెలుగా మారిపోయి, అయస్కాంత ప్రేరణతో కేబుల్‌లోకి దూకుతుంది. నీళ్లలో ముంచి కనెక్టర్ బిగించినా నడుస్తుంది. కాలిబ్రేషన్ కూడా ప్రోబులోనే దాచుకుంటుంది కాబట్టి ల్యాబ్‌లో తీరిగ్గా సరిచేసి తెచ్చి, ఎండలోనో వానలోనో తగిలించి రావచ్చు. అయితే ప్రోబును మంచినీళ్ల బకెట్‌లో ముంచిపెడితే అది మంచినీళ్ల లెక్కే నిజాయతీగా సర్వరుకు పంపుతుంది. దానికి ఇంజనీర్ల దగ్గర మందు లేదు.

*

కంపెనీ పెంపకం గురించి కొద్దిగా. గేయార్గ్ ఎండ్రెస్‌కు ఎనిమిది మంది పిల్లలు. 1995లో కొడుకు క్లౌస్ పగ్గాలు తీసుకున్నాడు. తండ్రి 2008లో పోయాడు. 2014లో మొదటిసారి కుటుంబం బయటి మనిషి మథియాస్ ఆల్టెన్‌డోర్ఫ్ అధిపతి అయ్యాడు. షేర్లు ఇప్పటికీ మార్కెట్లో లేవు. మూడు నెలలకోసారి ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేదు కాబట్టే, ఫలితం పదేళ్లకు గానీ రాని కాలిబ్రేషన్ షెడ్ల మీద డబ్బు పెట్టగలిగారని నా అభిప్రాయం. ముందు సేవ చేయి, సంపాదన తర్వాత వస్తుందన్నది ముసలాయన సూత్రమట. ఇలాంటివి గోడకు వేలాడదీయని కంపెనీ ఏది? కాకపోతే దొరకని సూత్రాల్ని కొనుక్కునే దారి కూడా వీళ్లు బాగానే పట్టారు. లేజర్‌తో గ్యాసు పరీక్షించే స్పెక్ట్రాసెన్సర్స్‌ను 2012లో, రామన్ కాంతితో పదార్థం గుట్టు చెప్పే కైజర్ ఆప్టికల్‌ను 2013లో కలుపుకున్నారు. 2025 జనవరి 1 నుంచి వాల్డ్‌కిర్ఖ్‌లోని సిక్ కంపెనీతో పొత్తు. పొగగొట్టాల్లో గ్యాసుల్ని కొలిచే సిక్ విభాగం తయారీ ఇద్దరి సగంసగం వాటాల కంపెనీలోకి వచ్చింది, అమ్మకాల మనుషులు సుమారు 800 మంది ఎండ్రెస్ వైపు మారారు. సిమెంటు ఫ్యాక్టరీ ఇంజనీరు ట్యాంకుకొకరినీ చిమ్నీకొకరినీ పిలవనక్కర్లేదు.

ఇప్పుడు ఎదురవుతున్న పదార్థం హైడ్రోజన్. ప్రెషర్ సెన్సర్ ముందు వెంట్రుక మందాన ఓ స్టీలు పొర ఉంటుంది. దాని వెనక నూనె, నూనె వెనక అసలు కొలిచే చిప్. హైడ్రోజన్ అణువులు ఆ పొర మీద విడిపోయి, ఒక్కో పరమాణువుగా స్టీలులోంచే లోపలికి దూరతాయి. నూనెలో మళ్లీ జతకట్టి బుడగలవుతాయి. బుడగ పొరను వెనక నుంచి నెడుతుంది, కొలత నెమ్మదిగా పక్కదారి పడుతుంది. కొన్ని నెలల పాటు ఎవరికీ అనుమానం రాదు. దీనికి వాడుతున్న మందు పొర మీద కొన్ని మైక్రాన్ల బంగారు పూత. స్టీలులో దూరినంత సులువుగా హైడ్రోజన్ బంగారంలో దూరలేదు. పూర్తిగా ఆగుతుందా అంటే ఆగదు, వేడి ఎక్కువైనకొద్దీ తొందరగానే దూరుతుంది. అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్‌టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. అక్కడి పైపుల మీద వందల సంఖ్యలో ప్రెషర్ ట్రాన్స్‌మిటర్లు కావాలి. టెండరులో బంగారు పూత అని ఒక లైను రాశారా లేదా అన్నది, వాటిని బిగించబోయే టెక్నీషియన్ ముందుగా చూసుకోవాల్సిన సంగతి.